3+ అని ఉంటే మూడేళ్ల పిల్లలకు ఇచ్చేయొచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయో లేదో ఉత్తరాల తీరే మారిపోయింది. కరెంటు బిల్లులు, ఇంటి పన్ను గొడవలు పక్కకు పోయి పిల్లలు, ఫోన్లు, గేమ్‌లు మిగిలాయి. అందులోనూ ఎక్కువమంది అడిగింది ప్లే స్టోర్‌లో యాప్ పేరు కింద కనిపించే ఆ 3+, 7+, 12+ అంకెల గురించే. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాం. ఇంటి పన్ను వాళ్లు కోపగించుకోవద్దు, వచ్చే వారం మీదే.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ఇళ్లు కట్టుకునే గేమ్ ఒకటి 3+ అని ఉంది కదా అని ధైర్యంగా డౌన్‌లోడ్ చేసిచ్చాను. మొన్న పోపు వేస్తూ పక్కకు చూస్తే స్క్రీన్ మీద ఎవరో "ఎక్కడుంటావ్, ఏ స్కూల్" అని ఇంగ్లీషులో అడుగుతున్నారు, మావాడు కేపీహెచ్‌బీ అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఇలాంటిదానికి 3+ ఎవరిచ్చారండీ?
ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆ గేమ్ చేసినవాళ్లే ఇచ్చుకున్నారమ్మా. ఎవరో నిపుణులు కూర్చుని ఆడి చూసి, ఇది చిన్నపిల్లలకు సరే అని ముద్ర కొట్టిందేమీ లేదు. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే తయారీదారు ఒక ప్రశ్నావళి నింపాలి. కొట్లాటలున్నాయా, రక్తం కనిపిస్తుందా, భయపెట్టేవి ఏమైనా ఉన్నాయా, బూతులు, అశ్లీలం, జూదం, మందు, సిగరెట్, డ్రగ్స్ ఉన్నాయా, ఇలా సాగుతుంది. టిక్కులు పెట్టి పంపగానే ఆ జవాబుల్ని బట్టి రేటింగ్ దానంతటదే వచ్చేస్తుంది. ఈ ఏర్పాటును నడిపేది ఇంటర్నేషనల్ ఏజ్ రేటింగ్ కోయలిషన్, పొట్టిగా ఐఏఆర్‌సీ. ఇది 2013లో మొదలైంది, గూగుల్ 2015 నుంచి వాడుతోంది. ఒకే జవాబుల కట్ట నుంచి అమెరికాకు ఈఎస్‌ఆర్‌బీ రేటింగ్, యూరప్‌కు పెగి రేటింగ్, జర్మనీకి యూఎస్‌కే రేటింగ్ విడివిడిగా పుడతాయి. యాప్‌లకు రేటింగ్ ఇచ్చే సొంత సంస్థ మనకు లేదు కాబట్టి మన ఫోన్లలో కనిపించేవి ఐఏఆర్‌సీవాళ్ల సాధారణ అంకెలు: 3+, 7+, 12+, 16+, 18+. తర్వాత అసలు తనిఖీయే ఉండదని కాదు. బాగా నడుస్తున్న యాప్‌లను ఆ సంస్థలు చూస్తుంటాయి, జవాబులు తప్పని తేలితే రేటింగ్ మారుస్తాయి, అబద్ధం చెప్పిన యాప్‌ను గూగుల్ స్టోర్ నుంచి తీసేయొచ్చు కూడా. కాకపోతే ఇదంతా యాప్ బయటికి వచ్చాక జరిగే సంగతి.

మీ గేమ్ విషయంలో 3+ అనేది అబద్ధం కూడా కాకపోవచ్చు, అసలు తిరకాసు అక్కడే ఉంది. ఇటుకలు పేర్చడంలో రక్తం లేదు, బూతు లేదు, కాబట్టి 3+. రేటింగ్ చూసేది తయారీదారు లోపల పెట్టిన సరుకునే. ఆ ఆటలోకి వచ్చి మీవాడితో మాట్లాడే మనుషులు దాని లెక్కలో లేరు. టులెట్ బోర్డు చూసి వెళ్తే ఓనరు గదులు, నల్లా, పార్కింగు అన్నీ చూపిస్తాడు గానీ పక్క పోర్షన్‌లో ఎవరున్నారో చెప్పడు చూడండి, అదీ సంగతి.

చెప్పలేదని వాళ్లను అనడానికీ లేదు, చెప్పారు, కనపడని చోట చెప్పారు. ప్లే స్టోర్‌లో ఆ గేమ్ పేజీ తెరవండి. పేరు కింద వరసలో చుక్కల రేటింగ్, ఎంతమంది దించుకున్నారో, దాని పక్కన చిన్న డబ్బాలో 3+ అని ఉంటుంది. ఆ డబ్బా మీద నొక్కండి. అప్పుడు తెరుచుకునే పేజీలో అడుగున "యూజర్స్ ఇంటరాక్ట్", "షేర్స్ లొకేషన్", "ఇన్-యాప్ పర్చేజెస్" లాంటి మాటలు కనిపిస్తాయి. అంటే ఇందులో అపరిచితులతో మాట్లాడొచ్చు, మీరెక్కడున్నారో ఇతరులకు తెలియొచ్చు, డబ్బులు ఖర్చుపెట్టొచ్చు అని. ఈ మూడూ ఉన్నా పైనున్న అంకె పెరగదు. నమ్మకం కుదరకపోతే వాట్సాప్ పేజీ చూడండి. ప్లే స్టోర్‌లో దానికి 3+ ఉంటుంది, వాట్సాప్ సొంత నిబంధనల్లో మాత్రం కనీస వయసు 13 ఏళ్లు. రెండూ నిజమే, కానీ రోడ్డు మీద పోయే మనిషికి కనపడేది మొదటిదే. చాట్ ఉన్న ఆటకు అంకె అంత పెద్దగా, చాట్ ఉందన్న మాట అంత చిన్నగా రాయడం నా దృష్టిలో ఈ పద్ధతిలో ఉన్న అతి పెద్ద లోపం. తిరగేసి రాసి ఉంటే సగం మంది తల్లులకు ఈ టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఆ అడిగినవాడి ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, గేమ్‌లోనే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. గేమ్ సెట్టింగ్స్‌లో చాట్ పూర్తిగా ఆపే వీలుందేమో చూడండి, ఆ వీలే లేకపోతే ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ గేమ్ అక్కర్లేదు, తీసేయండి. బాబును మాత్రం తిట్టొద్దు. ఇప్పుడు తిడితే వచ్చేసారి ఎవరైనా అడిగినప్పుడు మీరు పక్కన లేనప్పుడు చూసుకుని జవాబిస్తాడు.

ప్రశ్న: అన్నా, నేను ప్లే స్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్ పెట్టి 7+ దగ్గర ఆపాను. పిన్ కూడా పెట్టాను. అయినా మా పిల్లగాడు తుపాకుల గేమ్ ఆడుతూనే ఉన్నాడు, అది 16+ అంట. ఈ కంట్రోల్ పనిచేస్తదా, ఉత్తదేనా?
ఉప్పల్ నుంచి

జవాబు: పనిచేస్తుంది తమ్ముడూ, కాకపోతే అది కాపలా కాసేది ఒక్క గుమ్మం దగ్గరే. ప్లే స్టోర్ నుంచి ఇకమీదట కొత్తగా దిగే యాప్‌లనే అది ఆపుతుంది. నువ్వు పిన్ పెట్టకముందే ఫోన్‌లో ఉన్న గేమ్‌ను ముట్టుకోదు. మీ ఇంట్లో జరిగింది బహుశా ఇదే, కాబట్టి ముందు ఆ గేమ్‌ను తీసేసి, మళ్లీ ఎక్కుతుందేమో నువ్వే ప్రయత్నించి చూడు. ఎక్కకపోతే కథ అయిపోయింది.

ఎక్కిందంటే వేరే దారులు చూడాలి. ఆ కంట్రోల్ పెట్టిన ఫోన్‌కే పరిమితం, నాయనమ్మ ఫోన్‌కు వర్తించదు. మన ఇళ్లలో అన్నిటికన్నా తాళం లేని ఫోన్ నాయనమ్మదే అని పిల్లలందరికీ తెలుసు. రెండోది, ఫ్రెండ్ పంపిన ఏపీకే ఫైల్, అంటే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైల్. అది స్టోర్ ముఖమే చూడదు కాబట్టి రేటింగ్ అన్న మాటే రాదు, పైగా దాంట్లో ఇంకేం కలిపి పంపారో ఎవరికీ తెలియదు. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ అనుమతి తీసెయ్. మూడోది బ్రౌజర్‌లోనే ఆడే గేమ్‌లు, వాటి దగ్గర ఈ పిన్ ఏమీ చేయలేదు.

పిల్లాడికి వేరే ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోవడం మేలు. వాడు ఏ యాప్ దించుకోబోయినా నీ ఫోన్‌కు అడుగుతూ కబురొస్తుంది, రోజుకు ఎంతసేపు అన్నది కూడా నువ్వే పెట్టొచ్చు. పిన్ మాత్రం పుట్టిన సంవత్సరమో, బండి నంబరో పెట్టకు.

ఇంకో మాట. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించాక, 2021లో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చినప్పుడు మైనర్లు రోజుకు 3 గంటలే ఆడాలని, తల్లిదండ్రుల నంబరుకు ఓటీపీ వెళ్తుందని షరతులు పెట్టారు. బాగానే ఉంది. ఆ ఓటీపీ అమ్మ ఫోన్‌కు వస్తుంది, అమ్మ ఫోన్ పిల్లాడి చేతిలో ఉంటుంది. వయసు ఎంత అని అడిగితే 18 అని కొట్టడానికి వాడికి అరక్షణం పట్టదు.

ప్రశ్న: నాయనా, మా రోజుల్లో సినిమా పోస్టరు మీద "ఎ" అని ఉంటే మా నాన్న ఆ గోడవైపు కూడా చూడనిచ్చేవాడు కాదు. ఇప్పుడు సినిమాలకూ 13+, 16+ అంటున్నారు, ఫోన్‌లోనూ 12+, 16+ అంటున్నారు. ఇవన్నీ ఒకే సెన్సార్ బోర్డు ఇచ్చేవేనా?
రిటైర్డ్ ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: కాదండీ. అంకెలు దగ్గరదగ్గరగా ఉండటంతో అందరూ అలాగే అనుకుంటున్నారు. థియేటర్ సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చేది సెన్సార్ బోర్డు, అక్కడ మనుషులు కూర్చుని సినిమా మొత్తం చూస్తారు. పాత "యు/ఎ"ను 2023లో చట్టం సవరించి యుఎ 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. ఓటీటీలకు 2021 నాటి ఐటీ నిబంధనల్లో ఇంచుమించు ఇలాంటి మెట్లే ఉన్నాయి గానీ, అక్కడ రేటింగ్ వేసుకునేది ఆ ఓటీటీ సంస్థే. యాప్‌ల సంగతి పైన చెప్పాను, ప్రశ్నావళికి వచ్చిన జవాబు అది. "ఎ" సినిమాకు పిల్లల్ని లోపలికి రానివ్వకూడదన్నది చట్టం. యాప్ మీద 16+ ఉన్నంత మాత్రాన పదేళ్ల పిల్లాడు దించుకుంటే ఆపేవాడెవడూ ఉండడు, ఇంట్లో మీరు తప్ప. మీ నాన్నగారి పద్ధతే ఇక్కడ నయం.

ప్రశ్న: నాది ఐఫోన్, మావారిది ఆండ్రాయిడ్. ఒకే యాప్‌కు నా ఫోన్‌లో ఒక వయసు, ఆయన ఫోన్‌లో ఇంకో వయసు. ఏది నమ్మాలి?
గచ్చిబౌలి నుంచి

జవాబు: ఆపిల్ ఐఏఆర్‌సీ అంకెలు వాడదు, తన సొంత ప్రశ్నలు, సొంత మెట్లు పెట్టుకుంది. మొన్నమొన్నటిదాకా 4+, 9+, 12+, 17+ ఉండేవి. 2025లో వాటిని 4+, 9+, 13+, 16+, 18+ చేశారు, డెవలపర్లందరూ కొత్త ప్రశ్నలకు మళ్లీ జవాబులివ్వాలన్నారు. ఆ కొత్త ప్రశ్నల్లో యాప్‌లో మెసేజింగ్ ఉందా, యూజర్లు పెట్టే ఫొటోలు, వీడియోలు ఉన్నాయా, తల్లిదండ్రులకు కంట్రోల్స్ ఇచ్చారా అన్నవి కూడా చేర్చారు. కూకట్‌పల్లి తల్లిగారి గొడవకు ఇది కాస్త దగ్గరగా వచ్చినట్టే. ఏది నమ్మాలంటే, రెండిట్లో ఎక్కువ వయసు చెప్పినదాన్ని నమ్మండి, పోయేదేమీ లేదు. మీ ఫోన్‌లో పెట్టుకోవాలంటే సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి కంటెంట్ అండ్ ప్రైవసీ రెస్ట్రిక్షన్స్ చూడండి.

ప్రశ్న: మా అక్క కొడుకు సెలవులకు మా ఇంటికొచ్చి నా ఫోన్‌లో గేమ్ ఆడుతూ డైమండ్లు కొన్నాడు. మూడు విడతల్లో నాలుగువేల పైచిలుకు పోయాయి. ఆ గేమ్ 7+ అనే ఉంది. పిల్లల గేమ్‌లో ఇంత డబ్బు లాగొచ్చా? అక్కతో చెప్తే వాణ్ని కొడుతుంది, చెప్పకపోతే నాకు నష్టం.
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పిన్ని

జవాబు: ముందు డబ్బు సంగతి. కొని 48 గంటలు దాటకపోతే వెంటనే గూగుల్ ప్లేలో ఆర్డర్ హిస్టరీ తెరిచి, ఒక్కో కొనుగోలుకూ విడిగా రీఫండ్ అడగండి. పిల్లాడు తెలియక కొన్నాడన్న కారణం ఎంచుకునే వీలుంటుంది. తప్పకుండా ఇస్తారని కాదు, అడిగినవాళ్లకే ఇస్తారు. 48 గంటలు దాటితే గేమ్ తయారీదారుకు మెయిల్ పెట్టాలి, వాళ్ల చిరునామా అదే పేజీలో అడుగున ఉంటుంది.

7+ గేమ్‌లో ఇంత లాగొచ్చా అంటే, లాగొచ్చు. డబ్బు ఖర్చుపెట్టించడం అన్నది అంకెను పెంచే విషయంగా లెక్కలోకి రాదు. ఇందులో ఇంకో రకం ఉంది, అది ఇంకా పాడు: డబ్బిచ్చి పెట్టె కొనాలి, తెరిస్తే గానీ లోపల ఏముందో తెలియదు. పిల్లలు "ఈసారి వస్తుంది, ఇంకొక్కసారి" అంటూ కొంటూనే పోతారు. లాటరీ టికెట్టుకూ దీనికీ నాకైతే తేడా కనపడదు. ఈ పెట్టెల మీద అమెరికాలో గొడవ ముదిరాక, 2020 నుంచి ఈఎస్‌ఆర్‌బీ అలాంటి గేమ్‌లకు "కొనుగోళ్లున్నాయి, ఏమొస్తుందో ముందుగా తెలియదు" అనే అర్థమొచ్చే లేబుల్ విడిగా వేస్తోంది. వేస్తోంది గానీ వయసు మెట్టు అదే.

మీరు ఇప్పుడే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా పెట్టుకోండి. యూపీఐ పిన్ పిల్లాడికి ఎలా తెలిసిందో కూడా ఒకసారి ఆలోచించండి, మీరు కిరాణా కొట్టులో కొడుతుంటే భుజం మీంచి చూసే ఉంటాడు. అక్కకు చెప్పండి. కొట్టకుండా ఉండే షరతు మీద చెప్పండి.

ప్రశ్న: రమ్మీ యాప్ మీద 18+ అని ఉంటే, నాకు 24 ఏళ్లు కాబట్టి ఆడొచ్చు కదా?
సికింద్రాబాద్

జవాబు: పైసలు పెట్టి ఆడేదైతే ఆడకూడదు. తెలంగాణలో 2017లోనే చట్టం సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను ఆపమంది. రేటింగ్ ఒక సమాచారం, చట్టం వేరు. డబ్బు లేకుండా ఉత్త పాయింట్లకు ఆడే పేకాట, స్లాట్ మిషన్ గేమ్‌ల సంగతి చిత్రంగా ఉంటుంది. ఒకే తరహా గేమ్‌ను అమెరికాలో టీనేజర్లకు సరే అంటారు, 2020 నుంచి యూరప్‌లో కొత్తగా వచ్చేవాటికి 18 వేస్తున్నారు. మనుషులు అక్కడా ఇక్కడా ఒకటే, జూదం మీద చూపు వేరు.

ప్రశ్న: మేం ఇద్దరం ఫ్రెండ్స్ కలిసి తెలుగు పొడుపుకథల యాప్ చేస్తున్నాం. 3+ వస్తేనే డౌన్‌లోడ్లు బాగుంటాయని ఒకాయన చెప్పాడు. ప్రశ్నావళిలో అన్నిటికీ "లేదు" అని కొట్టేస్తే సరిపోతుందా? ఫీజు ఎంత?
మాదాపూర్ నుంచి

జవాబు: ఫీజు లేదు. అన్నిటికీ "లేదు" అని కొట్టొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి. పొడుపుకథల యాప్‌కు ఉన్నదున్నట్టు చెప్పినా 3+ రావడానికి అడ్డమేముంటుంది? మన పొడుపుకథల్లో కొన్ని కాస్త ద్వంద్వార్థంగా ఉంటాయి, అవి మీకు తెలిసే ఉంటాయి, వాటిని పిల్లల విభాగంలో పెట్టకండి, అంతే. కామెంట్లు, యూజర్లు సొంత పొడుపుకథలు పంపే ఏర్పాటు ఉంటే ఆ ప్రశ్న దగ్గర "ఉంది" అనాల్సిందే. తర్వాత అప్‌డేట్‌లో చాట్ పెట్టినా, కంటెంట్ మారినా ప్రశ్నావళి మళ్లీ నింపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. యాడ్స్ వేస్తే అవి కూడా మీ రేటింగ్‌కు తగ్గట్టే ఉండాలి. 3+ యాప్‌లో 18+ ప్రకటన వస్తే "అది యాడ్ కంపెనీ వేసింది" అంటే కుదరదు.

ఇంకోటి, రేటింగూ "టార్గెట్ ఆడియెన్స్" రెండూ ఒకటే అనుకోకండి. మా యాప్ ఫలానా వయసు వాళ్ల కోసం అని ప్లే కన్సోల్‌లో, అంటే తయారీదారులు యాప్ పెట్టే గూగుల్ సైట్‌లో, విడిగా చెప్పాలి. అక్కడ పిల్లలని టిక్కు పెడితే గూగుల్ ఫ్యామిలీస్ పాలసీ మొత్తం మీద పడుతుంది, ఏ యాడ్ నెట్‌వర్క్ వాడొచ్చు, ఏ వివరాలు సేకరించొచ్చు అన్నీ కఠినమే. దానికితోడు 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఉంది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. దాని ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలి, వాళ్లు ఏం చూస్తున్నారో వెంటాడి యాడ్స్ వేయకూడదు. యాప్‌లో లాగిన్ అక్కర్లేకపోతే పెట్టకండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది. యాప్ తయారయ్యాక మాకూ లింక్ పంపండి, మా ఆఫీసులో పొడుపుకథల పిచ్చోళ్లు ఇద్దరున్నారు.

ప్రశ్న: ఒక యాప్ 3+ అని ఉంది, లోపల చూపించేది చూస్తే మా అమ్మాయి ముందు తలెత్తుకోలేకపోయాం. ఎవరికి చెప్పాలి? కంప్లయింట్ పెడితే ఎవరైనా చూస్తారా?
అత్తాపూర్ నుంచి

జవాబు: ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి పైన కుడి మూలనున్న మూడు చుక్కలు నొక్కితే "ఫ్లాగ్ యాజ్ ఇన్‌అప్రోప్రియేట్" అని వస్తుంది, అక్కడ కారణం ఎంచుకుని పంపండి. ఎంతమంది చెబితే అంత తొందరగా ఎవరో ఒకరి కంటపడుతుంది, కాబట్టి మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టి మరో నలుగురితో కూడా చేయించండి. గ్రూప్‌లో యాప్ లింక్ మాత్రం పెట్టకండి, పేరు చాలు. లింక్ పెడితే ముందు నొక్కేది పిల్లలే.

అయితే ఆ యాప్‌లో ఎవరైనా మీ అమ్మాయిని ఫొటోలు అడగడం, బెదిరించడం లాంటివి జరిగి ఉంటే ఫ్లాగ్‌తో ఆగకండి. చాట్ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. పిల్లల విషయంలో సాయానికి 1098 ఉంది. డబ్బు కూడా పోయి ఉంటే 1930కి ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి, తొలి గంటల్లో చెబితేనే ఆ సొమ్మును మధ్యలో ఆపే వీలు ఎక్కువ.